గంపకో బిళ్ల: కాగితం లేనివాళ్ల చరిత్రను తరగతిలో ఎలా చెప్పాలి? (ఏడో భాగం)



పోయిన భాగం చదివాక చాలామంది విద్యార్థులూ, నాలాంటి లెక్చరర్లూ ఒకటే ప్రశ్న అడిగారు. "మేడం, మన చరిత్ర మనమే రాసుకోవాలంటున్నారు, బాగానే ఉంది. ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? మాకు లండన్ వెళ్లే డబ్బుల్లేవు, చెన్నై ఆర్కైవ్స్‌లో నెలలు కూర్చునే తీరికా లేదు." న్యాయమైన ప్రశ్న. ఈ భాగం దానికి జవాబు. జవాబుతో పాటు నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. దాన్ని దాచిపెట్టి పాఠం చెప్పడం నాకు చేతకాదు.

ముందు తరగతి గది నుంచి మొదలుపెడతాను.

డిగ్రీ రెండో ఏడాది పిల్లల్ని అడిగాను, "విశాఖ చరిత్ర అంటే మీకు ఏం గుర్తొస్తుంది?" అని. బీచ్ అన్నారు, సబ్‌మెరైన్ అన్నారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఒకేసారి నలుగురు అరిచారు. సంతోషం. "మరి హార్బరు ఎవరు కట్టారు?" అంటే "బ్రిటిష్ వాళ్లు" అన్నారు. "బ్రిటిష్ వాళ్లు తట్ట మోశారా?" అన్నాను. గది నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి మెల్లగా అన్నాడు, "మా మామ్మ మోసింది మేడం."

మా మామ్మ కూడా మోసింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

పుస్తకాల్లో విశాఖ ఓడరేవు కథ ఇలా ఉంటుంది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాటించడానికి తూర్పు తీరంలో ఒక రేవు కావాలి. రాయపూర్ – విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబర్ 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఇందులో ఓడ పేరుంది, వైస్రాయ్ పేరుంది, ఖనిజం పేరుంది. ఆ ఖనిజాన్ని వ్యాగన్ దగ్గర్నుంచి ఓడ దాకా మోసినవాళ్లు ఒకే ఒక్క మాటలో ఉంటారు: 'లేబర్'. ఆ మాటకు కులం లేదు, పేట లేదు, ఆడామగా లేదు.

కాబట్టి మన పని రెండు రకాలు. ఉన్న కాగితాన్ని మన కళ్లతో చదవడం ఒకటి. కాగితమే లేని చోట గొంతుల్ని వెతకడం రెండోది. రెండింటికీ ఇవాళ చేతిలో ఉన్న ఫోనే చాలు.

ఉన్న కాగితంతో మొదలుపెడదాం.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మన జిల్లా గురించిన పాత పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. 1869లో కార్మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన గెజిటీర్ రెండూ చదవండి. 1909లో థర్స్టన్ ఏడు సంపుటాలుగా వేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో కూడా ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు కూడా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే దొరుకుతాయి.

వెతకడంలో ఒక కిటుకు ఉంది. మా పిల్లలు చాలాసార్లు ఇక్కడే ఓడిపోతారు. 'దళిత' అని కొట్టి "ఏమీ లేదు మేడం" అంటారు. ఎందుకుంటుంది? ఆ కాలం కాగితాల్లో మన పేరు అది కాదు. 'పంచమ' అని వెతకండి. 'డిప్రెస్డ్ క్లాసెస్' అని ఇంగ్లిష్‌లో వెతకండి. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు 'పంచమ' అన్న మాటను తోసేసి 'ఆది ఆంధ్ర' అని నిలబడ్డారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. అంటే 1922కు ముందు ఒక మాటతో, తర్వాత ఇంకో మాటతో వెతకాలి. ఊరి పేరు కూడా అంతే. 'విశాఖపట్నం' అని ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే సగం పోతుంది. 'వైజాగపటం' అని పాత ఇంగ్లిష్ స్పెల్లింగులో, 'వాల్తేర్' అని కూడా వెతకండి. పాత తెలుగు పుస్తకాల పేర్లను స్కాన్ చేసినవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తోచినట్టు రాశారు. అందుకే రచయిత పేరును నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

చూశారా, వెతికే మాటలోనే చరిత్ర ఉంది. మన పేరు ఎవరు పెట్టారు, మనం ఎప్పుడు మార్చుకున్నాం అన్నది తెలియకపోతే సెర్చ్ పెట్టె కూడా మనకు తలుపు తీయదు.

దొరికాక ఎలా చదవాలి? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు బడి టీచర్ల కోసం 'చరిత్రకారుల్లా చదవడం' అని పాఠాలు తయారుచేసి ఉచితంగా పెట్టారు. అందులో నాలుగు మెట్లుంటాయి. ఇది ఎవరు, ఎవరి కోసం రాశారు? అప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది? ఇంకో ఆధారం దీన్ని బలపరుస్తోందా? ఏ మాట వాడారు, ఏ మాట వదిలేశారు? ఈ నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాసి థర్స్టన్ పేజీ పిల్లల చేతికిచ్చాను.

మొదటి ప్రశ్నకే కథ మారిపోయింది. థర్స్టన్ మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్. మనుషుల ముక్కుల్ని, తలల్ని పరికరాలు పెట్టి కొలిచి కులాల్ని వర్గీకరించవచ్చని నమ్మిన కాలపు మనిషి. అంటే ఆ పేజీ మన గురించి రాసిందే గానీ మనతో మాట్లాడి, మన కోసం రాసింది కాదు.

రెల్లి కులానికి చెందిన ఒక అమ్మాయి తన కులం పేరున్న పేజీ తెరిచింది. నగరంలో చీపురు పట్టినవాళ్లంటే రెల్లివాళ్లే అన్నట్టు విశాఖలో అందరూ మాట్లాడతారు కదా. ఆ పేజీలో రెల్లివాళ్లు తోటపని, కూలిపని చేసే కులమనీ, గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఎక్కువగా ఉంటారనీ ఉంది. ఆ అమ్మాయి తలెత్తి అడిగింది, "మరి మేడం, మా చేతికి చీపురెప్పుడొచ్చింది?"

నా పదేళ్ల ఉద్యోగంలో ఇంతకన్నా మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

జాగ్రత్తగా ఉండాలి. ఒక్క పుస్తకంలో ఒక్క వాక్యం చూసి తీర్పు చెప్పకూడదు. థర్స్టన్ దగ్గరగా ఉండే జనాల్నే వేర్వేరు పేర్ల కింద విడగొట్టి రాస్తాడు, ఆ పేజీలు కూడా చదవాలి. అయినా ఆ వాక్యం ఒక పని చేస్తుంది. "అనాది నుంచి వాళ్ల పని అదే" అనే మాటకు అడ్డంగా నిలబడుతుంది. పట్నం పెరిగింది, మునిసిపాలిటీ వచ్చింది, పాకీ పనికి మనుషులు కావలసి వచ్చింది. ఆ పని ఎవరి నెత్తిన పెట్టారు, ఎలా పెట్టారు అన్నది పరిశోధన చేయాల్సిన విషయం. పుట్టుకతో వచ్చిన పనికి చరిత్ర ఉండదు, పెట్టిన పనికి ఉంటుంది. మొన్న 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ వర్గీకరణలో రెల్లి, దాని ఉపకులాలు కలిపి పన్నెండు కులాలను మొదటి గ్రూపుగా పెట్టి ఒక శాతం కేటాయించారు. ఆ చర్చలో గట్టిగా నిలబడాలనుకునే రెల్లి యువతకు ఈ ప్రశ్న చాలా అవసరం. దీనికి దారితీసిన 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు కూడా ఒక మూలాధారమే. కోర్టు వెబ్‌సైట్‌లో ఉంది. ఎవరో తీసిన వీడియో చూసి వాదించకండి, తీర్పు చదివి వాదించండి.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వేసిన అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల సంపుటాలు పిడిఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగులోనూ సంపుటాలు వచ్చాయి. అందరూ 'కుల నిర్మూలన' దగ్గర ఆగిపోతారు. కార్మికుల పిల్లలున్న ఈ ఊళ్లో నేను పదో సంపుటం తెరిపిస్తాను. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసినప్పుడు ఆయన సభలో మాట్లాడిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని అన్న చట్ట సవరణ 1946లో వచ్చింది. స్టీల్ ప్లాంటు షిఫ్టుకెళ్లే నాన్న ఉన్న పిల్లవాడికి ఆ పేజీ చూపించండి. అంబేడ్కర్ అంటే విగ్రహం ఒక్కటే కాదని, నాన్న డ్యూటీ టైములో కూడా ఉన్నాడని అప్పుడు అర్థమవుతుంది.

'కుల నిర్మూలన'నే చెప్పాలనుకుంటే కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు వివరణలతో పెట్టిన పాఠం ఉంది. రాజ్యాంగ సభ చర్చలు పేరాలవారీగా నంబర్లు వేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. 1948 నవంబర్ 29న అంటరానితనాన్ని రద్దు చేసే నిబంధన సభ ముందుకొచ్చింది. ఆ రోజు ఎవరు ఏం మాట్లాడారో పిల్లల్ని పాత్రలుగా పంచి చదివించండి. ఆ సభలో ఉన్న ఏకైక దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్ ప్రసంగాలు కూడా అక్కడే వెతకండి.

ఇక గొంతు. 1955లో బీబీసీకి బాబాసాహెబ్ ఇచ్చిన ఇంటర్వ్యూ యూట్యూబ్‌లో ఉంది. గాంధీ గురించి ఏ మొహమాటమూ లేకుండా మాట్లాడతాడు. మొదటిసారి తరగతిలో స్పీకర్ పెట్టి వినిపించినప్పుడు ఒక అబ్బాయి అన్నాడు, "ఇన్నాళ్లూ ఫొటోకి దండేశాం మేడం, గొంతు ఇవాళే విన్నాం." నూరు పేజీల పిడిఎఫ్ చేయలేని పని ఒక గొంతు చేస్తుంది. అందుకే పాడ్‌కాస్టులూ, ఆడియోలూ తరగతిలోకి తెమ్మంటున్నాను.

కానీ ఒక తేడా పిల్లలకు నేర్పాలి. ఇవాళ ఒక యాంకర్ కూర్చుని 1930ల గురించి చెప్పే పాడ్‌కాస్టు మూలాధారం కాదు. అది ఒక అభిప్రాయం, ఒక పరిచయం. తన జీవితం తానే చెప్పే మనిషి గొంతు మూలాధారం. రెండూ పనికొస్తాయి, రెండూ ఒకటి కాదు. తెలుగు కథకులు, అనువాదకుల గొంతులు వినాలంటే 'హర్షణీయం' పాడ్‌కాస్టు ఉంది. పల్లెల్లో పనిచేసేవాళ్ల మాటలు, ఫొటోలు కావాలంటే 'పరి' ఉంది, తెలుగులో కూడా చదవొచ్చు. మన ఉద్యమాల గొంతులు, మన మేధావుల ప్రసంగాలు వినాలంటే 'దళిత్ కెమెరా' ఛానల్ ఉంది. షికాగో విశ్వవిద్యాలయం డిజిటల్ లైబ్రరీలో 1913 – 1929 మధ్య భాషా సర్వే కోసం తీసిన గ్రామఫోన్ రికార్డులున్నాయి, వాటిలో తెలుగు కూడా వినిపిస్తుంది. వందేళ్ల నాటి తెలుగు గొంతు వినిపించి, "ఇది ఏ కులం వాళ్ల తెలుగు అయి ఉంటుంది? ఎవరి తెలుగు రికార్డు కాలేదు?" అని అడగండి. తరగతి మొత్తం మాట్లాడుతుంది.

బయటి ప్రపంచం నుంచి ఒక ఉదాహరణ. అమెరికాలో 1936 – 38 మధ్య, బానిసత్వంలో పుట్టిన నల్లజాతి ముసలివాళ్లను కలిసి వాళ్ల జ్ఞాపకాలు రాసుకున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో రెండువేల మూడొందలకు పైగా కథనాలున్నాయి. కొందరి గొంతులు రికార్డుల్లో కూడా ఉన్నాయి. అమూల్యమైన నిధి. అయితే అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. పాత యజమాని మనవడే వచ్చి "అప్పుడెలా ఉండేది?" అంటే ముసలమ్మ ఉన్నదున్నట్టు చెబుతుందా? అడిగే మనిషిని బట్టి జవాబు మారుతుంది. మన పేటల్లో ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కామందు అరుగు మీద కూర్చుని అడిగితే ఒక జవాబు, మన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని అడిగితే ఇంకో జవాబు. అందుకే రికార్డు చేసే చెయ్యి మనదై ఉండాలి.

ఉక్కు ఉద్యమం దగ్గర ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 1966లో అమృతరావు నిరాహార దీక్ష, నవంబర్ 1న విశాఖలో పోలీసు కాల్పులు, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేయడం. పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఆనాటి లోక్‌సభ చర్చలున్నాయి. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత తెలుగు పత్రికలున్నాయి. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు నిర్ణయం తీసుకున్నాక మళ్లీ వీధుల్లోకి వచ్చిన ఈ తరానికి ఆ కాగితాలు చదవడం అవసరం.

ఆ కాగితాల్లో ఒక ఖాళీ ఉంది. భూసేకరణ 1894 చట్టం కింద జరిగింది. ఆ చట్టం దృష్టిలో పరిహారం భూమిలో హక్కు ఉన్నవాడికి. ఆ భూమిలో నాట్లేసి, కోతలు కోసి బతికిన కూలికి భూమిలో హక్కు లేదు కాబట్టి ఆ చట్టం లెక్కలో అతను లేడు. మాల మాదిగ పేటల్లో పట్టా ఎందరికి ఉండేదో మీకు తెలుసు. వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్లు కూడా భూసేకరణ వల్ల నష్టపోయిన కుటుంబాలేనని చట్టంలో రాసుకోవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. నూట పందొమ్మిదేళ్లు! ఆ మధ్యకాలంలో కదిలిపోయిన పేటల కథ గెజిట్ నోటిఫికేషన్‌లో వెతికితే దొరకదు. పట్టా లేనివాడికి కాగితం లేదు. కాగితం లేనివాడికి చరిత్ర లేదని మనం ఒప్పుకుందామా? ఒప్పుకోకపోతే మన ముసలివాళ్ల దగ్గర కూర్చోవాలి. ఇవాళే కూర్చోవాలి.

ఇప్పుడు నా తప్పు.

పిహెచ్‌డి చేస్తున్న రోజుల్లో మా మామ్మను ఫోన్‌లో రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. యంత్రాలు రాకముందు హార్బరులో మాంగనీసు గంపలు మోసిన మనిషి. "నా మాట్లేటి సేసుకుంటావే అమ్మీ, నానేటి సదువుకున్నానా?" అని నవ్వింది. తర్వాత చెప్పింది. అదంతా ఇంటికొచ్చి రాసుకున్నాను. రాసేటప్పుడు ఏం చేశానంటే, దిద్దాను. "నల్ల మట్టి నెత్తినెట్టుకుని మోసీవోల్లం" అన్నదాన్ని "నల్లటి ఖనిజాన్ని తలపై మోసేవాళ్లం" అని రాశాను. 'తానం' స్నానం అయింది. అప్పటికి నేను గిడుగు రామమూర్తి గారి వ్యవహారిక భాషా వాదం మీద సెమినార్ పేపర్లు చదువుతున్నాను! ఆయన మన ఉత్తరాంధ్ర మనిషి, సవర భాష కోసం జీవితం ధారపోసిన మనిషి. అయినా ఆ ఉద్యమం చివరికి గెలిపించింది శిష్టుల వ్యవహారాన్ని. చదువుకున్నవాళ్ల నోటి తెలుగు పుస్తకాల్లోకి వచ్చింది గానీ మా మామ్మ నోటి తెలుగు రాలేదు. అది తెలిసి కూడా, ఆ సంగతి మీద పేపర్ రాసి కూడా, సొంత మామ్మ మాటను నా చేత్తోనే శిష్టం చేశాను.

తర్వాత ఆ ఫోన్ పాడైపోయింది. రెండో కాపీ పెట్టుకోలేదు. రెండేళ్లకు మామ్మ పోయింది. ఇవాళ నా దగ్గరున్నది నేను దిద్దిన కాగితం. అందులో నా తెలుగుంది, ఆమె లేదు.

ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది: "మోసిన గంపల సంఖ్యను బట్టి కూలి చెల్లించేవారు." ఆమె అలా అనలేదని నాకు తెలుసు. ఏమందో గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి గుర్తు రాలేదు.

పోయిన నెల వెనక బెంచీ అబ్బాయి వాళ్ల మామ్మను రికార్డు చేసి తెచ్చాడు. ఆవిడది మా పేట కాదు, మా మామ్మతో పరిచయమూ లేదు. తరగతిలో స్పీకర్ పెట్టాం. మధ్యలో ఆవిడ అంది, "గంపకో బిళ్ల ఇచ్చీవోడు మేస్త్రీ. సాయంత్రం బిళ్లలు లెక్కెట్టి డబ్బులు. బిళ్ల జారిపోతే ఆ గంప మోయనట్టే."

బిళ్ల. అదే మాట. మా మామ్మ అన్నది అదే. చీర కొంగు ముడిలో బిళ్లలు దాచుకునేదాన్నని చెప్పింది కూడా. నేను 'సంఖ్యను బట్టి' అని రాసి ఆ బిళ్లను పారేశాను. పిల్లల ముందు కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

ఇప్పుడు లెక్చరర్‌గా చెప్తాను. మా పిల్లలు చదివిన పుస్తకాల్లో టన్నులున్నాయి, బిళ్లల్లేవు. రెండు పేటల నుంచి, ఒకరికొకరు తెలియని ఇద్దరు ఆడవాళ్లు ఒకే మాట చెప్పారు. ఒకరి మాట నా జ్ఞాపకంలోనే మిగిలింది కాబట్టి దానికి బలం తక్కువ. ఇంకొకరిది రికార్డులో ఉంది. ఇంకో నలుగుర్ని అడగాలి. మూడో మెట్టు, ఇంకో ఆధారం బలపరుస్తోందా అని అడగడం, అంటే ఇదే. చరిత్ర పరిశోధన ఇలాగే మొదలవుతుంది.

మీరు నాలా చేయకండి. ముందు అనుమతి అడగండి, ఎందుకు రికార్డు చేస్తున్నారో చెప్పండి. ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపండి. "మీ జీవితం గురించి చెప్పండి" అనకండి, ఎవరూ చెప్పలేరు. "పొద్దున్న ఎన్నింటికి లేచేవాళ్లు? గంప ఎవరు ఎత్తేవాళ్లు? అన్నం ఎక్కడ కూర్చుని తినేవాళ్లు?" అని అడగండి. మధ్యలో అడ్డు రాకండి. తేదీ, ఊరు, పేట చివర్లో మీ గొంతుతో చెప్పి ఆపండి. అదే రోజు రెండు చోట్ల కాపీ పెట్టండి. పేరు బయటపెట్టొద్దంటే పెట్టకండి. రాసేటప్పుడు ఒక్క అక్షరం దిద్దకండి. 'తానం' అంటే 'తానం' అనే రాయండి. అర్థం కాని మాట వస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, మీ మాట పెట్టకండి.

ఏప్రిల్ 14 లోపు ఒక్కొక్కరు ఒక గొంతు, ఒక కాగితం తీసుకురావాలని మా తరగతికి పని పెట్టాను. మీకూ అదే పని. విగ్రహానికి దండేసి వచ్చాక సాయంత్రం మీ పేటలో పెద్దావిడ పక్కన కూర్చోండి.

వచ్చే భాగంలో పిల్లలు తెచ్చిన కాగితాల గురించి రాస్తాను. "చీపురెప్పుడొచ్చింది" అని అడిగిన అమ్మాయి అప్పుడే మునిసిపల్ నివేదికల వేటలో పడింది.

జై భీమ్. జై సావిత్రీబాయి.